తాతల పద్ధతి బరోలో: ఆ 70 యూరోలు దేనికి, సీసా ఎన్నాళ్లు దాచొచ్చు

టురిన్‌లో చదువుతున్న మీ అమ్మాయి మిమ్మల్ని బరోలో ఊరి దగ్గర, ఆ ఊరి పేరుతోనే పిలిచే ఎర్ర వైన్ చేసే ఒక కుటుంబ వైనరీకి తీసుకెళ్లింది. అక్కడి పెద్దాయన "మాది తాతల నాటి పద్ధతి, నాలుగేళ్లు నిండనిదే సీసా బయటికి పంపం" అన్నారు. ధర 70 యూరోలు. అదే రోజు సాయంత్రం సూపర్‌మార్కెట్లో బరోలో అనే పేరుతోనే 22 యూరోల సీసా కనబడింది. ఆ తేడా నిజంగా వైన్‌లో ఉందా లేక చెప్పే కథలో ఉందా అన్నది మీ మొదటి ప్రశ్న, అక్కడ కొనుక్కొచ్చిన, 2021లో కోసిన ద్రాక్షతో చేసిన రెండు సీసాలను అమ్మాయి పెళ్లిదాకా హైదరాబాద్‌లో దాచుకోవచ్చా అన్నది రెండోది. చాలా ఏళ్లుగా ఇటలీ వైన్లు ఎంచి కొనే పనిలో ఉన్నాను, ఆ కొండల్లో కోతలప్పుడూ చలికాలంలోనూ సెల్లార్లలో (వైన్ దాచే నేలమాళిగల్లో) గడిపాను, కాబట్టి కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను.

తేడా వైన్‌లోనే ఉందండి. అయితే పాత పద్ధతి కాబట్టి గొప్పది అని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ ద్రాక్షకు ఆగడం తప్పదు, ఆగినన్నాళ్లూ ఒక కుటుంబం డబ్బు అందులో ఇరుక్కుపోయి ఉంటుంది, మీరిచ్చిన 70 యూరోల్లో పెద్ద వాటా దానికే పోతుంది. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ద్రాక్ష సంగతి. చట్టప్రకారం బరోలోలో నెబ్బియోలో అనే ఒక్క రకం తప్ప ఇంకేదీ కలపకూడదు. ఇది చాలా మొండి రకం. చుట్టుపక్కల రకాలకంటే ముందే చిగురేస్తుంది, అందరికంటే ఆఖరున, మామూలుగా అక్టోబర్లో పండుతుంది, కాబట్టి వసంతంలో మంచుకూ, వేసవిలో వడగళ్లకూ, కోత ముందు వానలకూ అన్నిటికీ దొరికిపోతుంది. ఎండ బాగా తగిలే వాలుల్లోనే సరిగ్గా పండుతుంది, అందుకే ఆ కొండల్లో చల్లటి వైపు, కింద పల్లంలో హేజెల్‌నట్ తోటలు, ఇతర ద్రాక్షలు కనిపిస్తాయి. మీరు వెళ్లిన దారిలోనే ఆల్బా ఊరు తగిలి ఉంటుంది, నుటెల్లా చేసే ఫెరెరో కంపెనీ పుట్టింది అక్కడే, ఆ హేజెల్‌నట్లకూ ఈ కొండలకూ సంబంధం అలాంటిది.

నెబ్బియోలో తొక్క పలచన, రంగు తక్కువ, కానీ పులుపూ వగరూ విపరీతం. గ్లాసులో పోసి వెనక వేలు పెడితే వేలు కనబడుతుంది, చూడటానికి తేలికైన వైన్ అనిపిస్తుంది, నోట్లో పోసుకుంటే లేత వక్క నమిలినట్టు చిగుళ్లు, నాలుక అన్నీ బిగుసుకుపోతాయి. అప్పుడే చేసిన బరోలోను పీపాలోంచి తీసి రుచి చూపిస్తే చాలామంది మొహం చిట్లిస్తారు. ఆ వగరు ఇచ్చే పదార్థాలు టానిన్లు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలే గాలితో అవి ఒకదానికొకటి, రంగు పదార్థాలతోనూ కలిసి పెద్దవవుతాయి, కొన్ని మడ్డిగా అడుగుకు దిగిపోతాయి, నోటికి మెత్తబడతాయి. ఇంకోపక్క వాసన మారుతూ వస్తుంది, మొదట్లో ఉండే ఎర్రటి పండ్లు, గులాబీ వాసన పోయి ఎండిన పూలు, తోలు, పొగాకు, తడి మట్టి లాంటివి వస్తాయి. ఈ మార్పు కోసమే ఆగేది. మెర్లో లాంటి ద్రాక్షను ఇన్నేళ్లు పీపాలో ఉంచితే చాలాసార్లు వాడిపోతుంది, దాన్ని అలా ఆపాల్సిన అవసరమూ లేదు.

ఎంతకాలం ఆపాలో చట్టం కూడా చెబుతుంది. కోత జరిగిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కేస్తే కనీసం 38 నెలలు, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాలో, ఇంకా ఎక్కువకాలం ఆపినదని చెప్పే రిజర్వా అన్న మాట లేబుల్ మీద రాయాలంటే 62 నెలలు. అంటే మీ 2021 సీసా చట్టప్రకారం 2025 జనవరికి ముందు అంగట్లోకి రాకూడదు, 2021 రిజర్వా అయితే 2027 జనవరిదాకా ఆగాల్సిందే. 22 యూరోల సీసా కూడా ఈ గడువు దాటే వచ్చింది, దాన్ని మోసం అనడానికి లేదు. తేడా ఈ నెలల్లో ఏం జరిగింది, ఏ పీపాలో జరిగింది, ఏ వాలు ద్రాక్షతో జరిగింది అన్నదాంట్లో ఉంది.

పాత పద్ధతి అంటే ఆ పెద్దాయన ఉద్దేశం ఇదీ. ద్రాక్ష నలిపాక రసాన్ని తొక్కలతో కలిపే సిమెంటు తొట్లలోనో పెద్ద చెక్క తొట్లలోనో పులియబెడతారు. పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి గట్టి పొరలా కడతాయి. మొదటి రోజుల్లో కిందినుంచి రసం తోడి పైన పోస్తూ తడుపుతారు, పులియడం నెమ్మదించాక కొన్ని ఇళ్లలో ఆ పొర మీద చెక్క పలకలు అడ్డంగా బిగించి మొత్తం రసంలో ముంచేసి అలాగే వదిలేస్తారు. అన్నీ కలిపి నెల, ఒక్కోసారి నలభై యాభై రోజులు తొక్కలతోనే ఉంటుంది. కొత్త పద్ధతి వాళ్లు తిరిగే యంత్రాల్లో వారం పది రోజుల్లో రంగు లాగేసి తొక్క తీసేసేవారు. వినడానికి నలభై రోజులు ఉంచితే వగరు ఇంకా పెరిగిపోవాలి అనిపిస్తుంది, కానీ ఆ చివరి వారాల్లో టానిన్లు ఒక రకంగా గుండ్రబడటం మొదలవుతుంది, పొరలో చేయి పెట్టకుండా వదిలేయడం వల్ల చేదు కూడా పెద్దగా దిగదు.

తర్వాత పీపాలు. మీరు సెల్లార్లో చూసినవి మనిషి ఎత్తు దాటిన పీపాలే అయితే అవి 2,500 నుంచి 5,000 లీటర్లవి, ఇంకా పెద్దవీ ఉంటాయి. క్రొయేషియాలోని స్లావోనియా ప్రాంతం ఓక్ చెక్కతో చేస్తారు (పేరు దగ్గరగా ఉందని చాలామంది స్లొవేనియా అనుకుంటారు). ఫ్రెంచ్ పద్ధతి చిన్న పీపా, బారిక్ అంటారు, 225 లీటర్లు. లెక్క వేస్తే చిన్న పీపాలో ఒక్కో లీటరు వైన్‌కు తగిలే చెక్క, 5,000 లీటర్ల పీపాలో తగిలేదానికి దాదాపు మూడు రెట్లు. పైగా బారిక్ కొత్తదైతే లోపల కాల్చిన చెక్క వల్ల వెనిల్లా, టోస్ట్ వాసన వైన్‌లోకి దిగుతుంది. పెద్ద పీపా ఇరవై ముప్ఫై ఏళ్లు వాడతారు, దానిలోంచి వైన్‌కు చెక్క వాసన దాదాపు రాదు, కావలసిందల్లా ఆ కొద్దిపాటి గాలి. అందుకే నెమ్మదిగా జరుగుతుంది, అందుకే రెండున్నర మూడేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఆ మూడేళ్లూ పీపా మూసి తాళం వేసుకుని పోవడం కుదరదు. చెక్కలోంచి వైన్ కొంచెం కొంచెం ఆవిరవుతూ ఉంటుంది, పైన ఖాళీ ఏర్పడితే గాలి చేరి వైన్ పాడవుతుంది, కాబట్టి క్రమం తప్పకుండా ప్రతి పీపా మూత తీసి అదే వైన్‌తో అంచుదాకా నింపాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు తేట పైనుంచి లాగి వేరే పీపాలోకి మార్చి మడ్డి వదిలేయాలి. ఖాళీ అయిన పీపాను కడగడం పెద్ద పని. ముందువైపు అడుగున చిన్న తలుపు ఉంటుంది, సన్నగా ఉన్న మనిషి ఒక భుజం ముందు దూర్చి, తల వంచి, పక్కకు తిరిగి పాక్కుంటూ లోపలికి వెళ్లాలి, లోపల గోడలకు మెరిసే గాజు ముక్కల్లా పట్టేసిన పులుపు లవణాన్ని గీరి, వేడినీళ్లతో కడిగి బయటికి రావాలి. చాలా ఇళ్లలో ఈ పని కొడుకులకూ మేనల్లుళ్లకూ పడుతుంది. కుటుంబ వైనరీ అనే మాటలో ఇలాంటి పని చాలా ఉంటుంది, సీసా మీది బొమ్మలో అది కనబడదు.

ఈ పాత, కొత్త గొడవ అక్కడ ఇళ్లు విడగొట్టేదాకా వెళ్లింది. 1983లో ఎలియో ఆల్తారె అనే యువకుడు ఫ్రాన్స్ వైన్ ప్రాంతం బుర్గుండీ చూసొచ్చిన స్ఫూర్తితో తండ్రి పాత పీపాలను రంపంతో కోసేశాడు, తండ్రి ఆయనకు ఆస్తిలో వాటా లేకుండా చేశాడు. అవతలి పక్క బరోలో ఊళ్లో బార్తోలో మస్కరెల్లో, తండ్రి జూలియో దగ్గర నేర్చుకున్న పద్ధతిలో ఒక్క అడుగు కూడా పక్కకు వేయలేదు. 2001 ఎన్నికల ముందు, బెర్లుస్కోనీ ఇటలీ ప్రధాని పదవికి పోటీలో ఉన్నప్పుడు, "నో బారిక్, నో బెర్లుస్కోనీ" అని తన చేత్తో బొమ్మ వేసి లేబుల్ అంటించారు, అది ఇటలీ అంతా పాకింది. ఆయన 2005లో పోయారు, కూతురు మరియా తెరేజా అదే సెల్లార్లో అదే పద్ధతి నడుపుతున్నారు. కన్నూబీ, సాన్ లొరెంజో, రుయే, రోక్కే అనే నాలుగు చోట్ల ద్రాక్షను కలిపి ఒకే బరోలో చేస్తారు. పక్కవాళ్లంతా ఒక్కో వాలు పేరు మీద ఒక్కో సీసా అమ్ముకుని ఎక్కువ ధర రాబడుతుంటే, కన్నూబీ లాంటి పేరు చేతిలో ఉండి కూడా దాన్ని లేబుల్ మీద విడిగా వాడుకోలేదంటే ఎంత గట్టి మనుషులో ఆలోచించండి. ఏ ఏడాది ఏ వాలు దెబ్బతిన్నా మిగతావి ఆదుకుంటాయన్నది పాతవాళ్ల లెక్క, నాకు ఆ లెక్కే సరైనదనిపిస్తుంది.

అలాగని కొత్త వాళ్లను తప్పుపట్టలేను. ఆ రోజుల్లో చాలా పాత పీపాలు నిజంగానే పాచిపట్టి ఉండేవి, వెనిగర్ వాసన వచ్చే బరోలోలు బోలెడు ఉండేవి, తీగకు కాయలు ఎక్కువ వదిలేసేవారు. దిగుబడి తగ్గించడం, పీపాలు శుభ్రంగా ఉంచడం ఆ యువకులు పట్టుబట్టి నేర్పారు. దానికి తోడు 1986లో ఇటలీలో మిథనాల్ కలిపిన చౌక వైన్ తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. కల్తీ సారా చావుల గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అదే విషం. ఆ దెబ్బతో ఇటలీ వైన్ మీద నమ్మకం కుప్పకూలింది, ఎవరు చేశారో తెలిసిన సీసా, ఇంటిపేరు ఉన్న సీసా కావాలని జనం వెతకడం మొదలుపెట్టారు. ఇవాళ పాత పద్ధతి అని చెప్పుకునే మంచి ఇళ్లన్నీ పాత కాలం మురికి వదిలేసి, ఓపిక మాత్రం ఉంచుకున్నవే.

"తాతల నాటి" అన్న మాట కూడా అక్షరాలా అంతే, ముత్తాతల దాకా వెళ్లదు. వంద నూట ఇరవై ఏళ్ల కిందట ఆ కొండల రైతుల్లో ఎక్కువమంది ద్రాక్షను ఆల్బా సంతలో దళారులకు అమ్ముకునేవాళ్లే, సొంత పేరుతో సీసాలు నింపినవాళ్లు చాలా తక్కువ. మోన్‌ఫోర్తేలో జాకొమో కొంతెర్నో మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చాక ఎక్కువకాలం నిలిచే వైన్ చేయాలని పట్టుబట్టి మొన్‌ఫోర్తీనో అనే బరోలో మొదలుపెట్టారు, మంచి ఏళ్లలోనే చేస్తారు, దాదాపు ఏడేళ్లు పెద్ద పీపాలో ఉంచేవారు. ఆయన కొడుకులు జొవాన్ని, ఆల్దో 1969లో విడిపోయారు, ఆల్దో వేరే వైనరీ పెట్టుకున్నారు. రైతులు ద్రాక్ష అమ్మడం మానేసి సొంతంగా సీసాలు నింపుకోవడం మొదలయ్యాక కొనడానికి మంచి కాయ దొరకదని గ్రహించిన జొవాన్ని 1974లో సెర్రాలుంగాలో 14 హెక్టార్ల కషీనా ఫ్రాన్చా అనే తోట కొన్నారు. ఆ కొనుగోలే లేకపోతే మొన్‌ఫోర్తీనో ఈపాటికి ఆగిపోయి ఉండేది. 2002లో వానలూ వడగళ్లూ కొట్టి చాలామంది బరోలో మానుకున్నారు, కొంతెర్నో వాళ్లు మాత్రం తమ తోట కాయ బాగుందని నమ్మి మొన్‌ఫోర్తీనో చేశారు, అది నిలబడింది. భూమి సొంతమైతేనే ఇలాంటి నిర్ణయం తీసుకోగలరు.

ఇప్పుడు డబ్బు లెక్క, మీ 70 యూరోలు ఇక్కడే ఉన్నాయి. హెక్టారుకు 8 టన్నులకు మించి కోయకూడదు, దాన్నుంచి 5,440 లీటర్ల వరకే బరోలో, అంటే సుమారు 7,250 సీసాలు. ఐదు హెక్టార్ల కుటుంబం అనుకుంటే ఏటా 27 వేల లీటర్లు. మూడేళ్లు అమ్మకూడదు కాబట్టి ఎప్పుడు చూసినా పీపాల్లోనో సీసాల్లోనో 80 వేల లీటర్లకు పైగా వైన్ పడుకుని ఉంటుంది. కూలీలు, మందులు, సీసాలు, కార్కులు, కరెంటు అన్నీ ముందే కట్టేశారు, రూపాయి తిరిగి రాలేదు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి అయినా, పీపా మార్చాల్సి వచ్చినా ఆ డబ్బు చేతికి రాదు. మరి చేతిలో డబ్బు ఆడేది ఎలా అంటే, అదే ఇంట్లో దొల్చెట్టో, బార్బెరా, లాంగే నెబ్బియోలో అనే వైన్లు చేసి కోసిన మరుసటి ఏడాదో ఆపై ఏడాదో అమ్మేస్తారు. మీరు మళ్లీ వెళ్తే బరోలో ఒక్కటే అడగకుండా వాళ్ల బార్బెరా కూడా కొనండి, పదిహేను ఇరవై యూరోల్లో వస్తుంది, బరోలో పడుకున్నన్నాళ్లూ ఇల్లు గడిపేది అదే, పైగా మన భోజనానికి అదే బాగా కుదురుతుంది.

ఇంకో బాధ ఉంది. అక్కడ పేరున్న వాలుల్లో హెక్టారు పది లక్షల యూరోలు ఎప్పుడో దాటేసింది. ముగ్గురు పిల్లల్లో ఒకరు తోట చేస్తూ ఇద్దరు మిలాన్‌లో ఉద్యోగం చేసుకుంటుంటే, ఆ ఇద్దరి వాటా ధర కట్టాలంటే వైన్ అమ్మి కట్టడం అయ్యే పని కాదు. వియెత్తి లాంటి పెద్ద పేరున్న వైనరీ కూడా 2016లో అమెరికా కుటుంబం చేతికి వెళ్లింది, 1761 నాటి బోర్గోన్యో 2008లోనే చేతులు మారింది. కొన్నవాళ్లు చెడగొట్టారని నేను అనను, రెండూ ఇవాళ మంచి వైన్లే చేస్తున్నాయి. కానీ తోటలో పనిచేసే మనిషే ఎప్పుడు సీసా బయటికి పంపాలో నిర్ణయించే ఇళ్లు తగ్గిపోతున్నాయి, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

22 యూరోల సీసా సాధారణంగా ఎలా వస్తుందంటే, పెద్ద కంపెనీలు రకరకాల రైతుల దగ్గర తయారైన వైన్‌ను టోకున కొని, కలిపి, చట్టం గడువు నిండిన వెంటనే పెద్ద మొత్తంలో అమ్ముతాయి. ఆదివారం మటన్‌తో తాగేయడానికి అది చాలు. దాచుకుని చూడాలంటే మాత్రం నేను దాని మీద డబ్బు పెట్టను.

ఆ పెద్దాయన చెప్పింది నిజమా కాదా తేల్చుకోవాలంటే ఈసారి ఐదు మాటలు అడిగించండి మీ అమ్మాయి చేత. తొక్కలతో ఎన్ని రోజులు ఉంచారు, పీపా ఎన్ని లీటర్లది, ఎన్నేళ్ల నాటిది, ద్రాక్ష సొంతమా కొన్నదా, ఏ వాలుది. నిజంగా చేసేవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషపడి గంటసేపు చెబుతారు, పీపా దగ్గరికి లాక్కెళ్లి రుచి కూడా చూపిస్తారు. గోడ మీద తాత ఫొటో చూపించి మాట మార్చేస్తే ఇంకో ఇల్లు వెతుక్కోవడం మంచిది. గ్లాసులో రంగు కూడా చూడండి, నల్లగా చిక్కగా ఉంటే పాత పద్ధతి అన్న మాట నమ్మక్కర్లేదు.

ఇక మీ రెండు సీసాలు. 2021 మంచి ఏడాది, సరిగ్గా ఉంచితే ఇరవై ఏళ్లు దర్జాగా నిలుస్తుంది. సరిగ్గా అంటే 12 నుంచి 15 డిగ్రీలు, ఏడాది పొడవునా, చీకట్లో, పడుకోబెట్టి. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో బీరువాలో పెట్టిన సీసా ఒక్క వేసవికే సగం చచ్చిపోతుంది. వేడికి వైన్ వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది, పక్కలనుంచి చెమ్మ కారుతుంది, మూత కింద వేలు పెడితే జిగటగా తగులుతుంది. అలా తగిలితే ఇక దాచకుండా వెంటనే తాగేయండి. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గదిలో పెడితే రోజూ ఎక్కి దిగే ఉష్ణోగ్రత కూడా పాడుచేస్తుంది. మామూలు ఫ్రిజ్ కొన్ని నెలలకైతే ఫర్వాలేదు, ఏళ్ల తరబడి అయితే పొడిగాలికి కార్కు ఎండిపోతుంది. వైన్ కోసమే చేసిన చిన్న ఫ్రిజ్ కొని, దానికి ఇన్వర్టర్ లైను కూడా ఇప్పించగలిగితే దాచండి, లేకపోతే వచ్చే వేసవిలోపే రెండూ తాగేయడమే మేలు.

పెళ్లికి కావాలంటే దానికి వేరే దారి ఉంది. చాలా పాత ఇళ్లు తమ పాత సంవత్సరాల సీసాలు కొన్ని సెల్లార్లోనే అట్టిపెట్టుకుంటాయి, ముహూర్తం ఖాయమయ్యాక వాళ్లనే 2010 గానీ 2013 గానీ 2016 గానీ ఉందేమో అడిగి కొనండి. ధర ఎక్కువే, కానీ ఆ సీసా పుట్టిన చోటునుంచి కదలలేదన్న భరోసా ఉంటుంది. విమానంలో ఒక్కొక్కరికి రెండు లీటర్లదాకా సుంకం లేదు కాబట్టి ఇద్దరు వస్తే నాలుగు సీసాలు హాయిగా తెచ్చుకోవచ్చు, చెక్‌ఇన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెట్టండి.

ఇప్పుడున్న రెండింట్లో ఒకటి ఈ చలికాలంలోనే తెరవండి. ముందురోజు నిలబెట్టి ఉంచండి, తినే వేళకు మూడు నాలుగు గంటల ముందు వెడల్పాటి గాజు కూజాలోకి వంచేయండి, ఇంత లేత బరోలోకు ఆ గాలి కావాలి. ఫ్రిజ్ చల్లదనమూ వద్దు, మన గది వేడీ వద్దు, 17, 18 డిగ్రీల దగ్గర పోయండి. మాంసంలోని ప్రొటీన్ ఆ వగరును పట్టుకుని మెత్తబరుస్తుంది, కానీ ఎర్రకారం వగరునూ ఆల్కహాల్ మంటనూ రెట్టింపు చేస్తుంది, అందుకే మటన్ వేపుడులో కారం సగానికి తగ్గించి మిరియాలు, ధనియాలు, నెయ్యి వేసి చేయమనండి, గోంగూర లాంటి పులుపు వద్దు. శాకాహారులుంటే పుట్టగొడుగుల వేపుడు బాగా కుదురుతుంది. కూజాలో సగం మిగిల్చి మర్నాడు సాయంత్రం మళ్లీ రుచి చూడండి. మొదటిరోజు కంటే బాగుంటే ఆ ఇంటివాళ్ల దగ్గర ఇంకో అరడజను కొనమని మీ అమ్మాయికి చెప్పొచ్చు.